గోడకి చెవి

మధురవాడలో మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు
ఈ ఏప్రిల్లో మొదటిసారి ఉప్పగా వచ్చాయి.
కందిపప్పు ఆరు విజిల్స్ వేసినా మెదగలేదు.
సముద్రం బీచి రోడ్డు దాటి నడిచి రాలేదు.
మేం తోడేసిన చోటల్లా
కిందనుంచి, చీకట్లో,
ఖాళీ అయిన వాటాలోకి
సామాన్లతో దిగినట్టు దిగింది.

నేను పోర్టులో ముప్పైయేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి.
వారానికి తొమ్మిది ట్యాంకర్లని
ఎర్ర సిరాతో రాసి మీటింగులో చదివాను.
అందరూ తలూపారు.
మర్నాడు పొద్దున్నే కింద
పైపు పెట్టి కార్లు కడుగుతున్నారు.

అప్పుడు గన్నియ్యని పిలిచాం.
రాత్రి రెండింటికి వచ్చాడు, పాత స్కూటరు మీద.
ఈ వేళప్పుడేమిటయ్యా అంటే
"పగలు ఊరు మాటాడతాది బాబూ,
గొట్టం మాటాడేది రాతిరే" అన్నాడు.
స్క్రూడ్రైవరు మొన గోడకి, పిడి చెవికి ఆనించి
ఒక్కో అంతస్తూ విన్నాడు.
మూడో అంతస్తులో ఫ్లష్ ట్యాంకు,
అరిగిన రబ్బరు వాషరు.
ఐదో అంతస్తులో, తాళమేసిన ఇంట్లో
ఒక కుళాయి
ఎన్నాళ్ళనుంచో తనలో తాను గొణుక్కుంటోంది.
తర్వాత నా ఇల్లు.
సింకు కింద, గొట్టం మెడకి
నేనే చుట్టిన పాత పంచె ముక్క,
నల్లబడి, నాని.
అతనేమీ అనలేదు.
దాని కింద ఒక గిన్నె పెట్టి వెళ్ళాడు.
తెల్లారేసరికి గిన్నె పొర్లింది.
ఎర్ర సిరా సీసా ఎక్కడ పెట్టానో
ఆ రోజంతా వెతకబుద్ధి కాలేదు.

డబ్బులివ్వడానికి ఆరిలోవ వెళ్ళాను.
కొండవాలు ఇల్లు, నూటపన్నెండు మెట్లు
(ఎక్కుతూ లెక్కపెట్టాను, అలవాటు).
కుళాయి మాత్రం మెట్ల మొదట్లో ఉంది.
రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు.
అతని భార్య సన్యాసమ్మ
బియ్యం కడిగిన నీళ్ళలో కవళ్ళు కడిగింది,
ఆ నీచునీళ్ళు ఆనపపాదుకి పోసింది.
గిన్నెల రెండో తొలుపు నీళ్ళు
రేపటి మొదటి తొలుపుకి మూతపెట్టి ఉంచింది.
బట్టలు జాడించిన బకెట్టు
మరుగుదొడ్డి గుమ్మం దగ్గర వంతు కోసం నిలబడింది.
నేను చూస్తున్నానని చూసి నవ్వింది.
"మోసిన నీళ్ళకి బరువుంటాది బాబూ.
మీ నీళ్ళకి బరువేటుంటాది?"

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు.

మే నెలలో గేటు పక్క పచ్చిక సగం పెరికేశాం.
మిట్టమధ్యాహ్నం తాగి
సాయంత్రానికి మళ్ళీ నాలుక చాపే గడ్డి అది.
ఆ చోట నందివర్ధనాలు, రెండు మునగ కొమ్మలు నాటి
మొదళ్ళ చుట్టూ కొబ్బరిపీచు కప్పాం.
నీళ్ళు పొద్దు వాలాకే.
ఏసీలు కార్చేదంతా బకెట్లకెక్కింది.
విశాఖ గాలికి ఎప్పుడూ చెమటే కదా,
ఒక్కో ఇంటికి రాత్రికి ఒక బకెట్టు.
డాబా గొట్టం దిగేచోట
గన్నియ్య గుంత తవ్వి
అడుగున బండరాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసక పోశాడు.
"తొలి వాన బయటికొదిలేయండి,
డాబా మొహం కడుక్కోవాల.
రెండో వానకి మూత తియ్యండి" అన్నాడు.
దోమలొస్తాయని నాలుగొందల రెండు వాళ్ళు
ఇప్పటికీ నాతో మాట్లాడరు.

నిన్న రాత్రి సింహాచలం కొండవైపునుంచి వాన దిగింది.
రెండో వాన.
మూత తీసి వచ్చాను, తడిసి.
ఇంట్లో వెతికి స్క్రూడ్రైవరు పట్టుకుని
ఎవరూ చూడట్లేదు కదా అని చూసుకుని
మొన గోడకి, పిడి చెవికి.
మొదట నా గుండే వినబడింది.
తర్వాత, చాలా కింద,
దాహమైనవాడు గ్లాసు దించకుండా తాగుతున్నట్టు
ఒక గుటక. ఇంకో గుటక.

ఉప్పు తగ్గిందా అని అడక్కండి.
ఆ గడి ఇంకా రాయలేదు.
ఈసారి పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను.